రెండింటిది తొమ్మిదికే రాశాను

పదకొండేళ్లలో మా గోదాముకు ముగ్గురు ఇన్‌చార్జిలు మారారు. పెట్టెలు ఎన్నో ముగ్గురూ నన్నే అడిగారు. నేను చెప్పిన అంకెనే రిజిస్టర్‌లో ఎక్కించారు. కింద సంతకం మాత్రం వాళ్లు పెట్టుకున్నారు. నేను ఎంచిన పెట్టెల కింద నా సంతకం ఎందుకు ఉండకూడదని మొదటి మూడేళ్లు నాకు తోచనే లేదు. తోచాక, మిగతా ఎనిమిదేళ్లూ అది కాలిలో ముల్లులా ఉండిపోయింది.

మా గోదాము గగన్‌పహాడ్‌లో, హైవే నుంచి రెండు వీధులు లోపలికి ఉంటుంది. మందుల కంపెనీల నుంచి సూదిమందు సీసాల పెట్టెలు వస్తాయి. వాటిని కోల్డ్ రూమ్‌లో ఉంచి, విమానం టైముకు లేబుళ్లు అతికించి, ఎయిర్‌పోర్టుకు లారీలో పంపుతారు. నా పని ఎంచడం. ఏడో తరగతితో నా బడి ఆగింది. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. పెట్టెల వరసలే నేర్పాయి. పొడుగు ఎన్ని, వెడల్పు ఎన్ని, ఎత్తు ఎన్ని, మధ్యలో గాలి కోసం వదిలిన సందులు ఎన్ని. గుమ్మంలో నిలబడి చూస్తే చాలు, అంకె తలలో పడుతుంది. పదకొండేళ్లలో నా లెక్క రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒక్క పెట్టె తేడా. ఆ రెండు రోజులూ నాకు గుర్తున్నాయి.

మూడో ఇన్‌చార్జి మానేసి వెళ్లిపోయినప్పుడే కొత్త రూలు వచ్చింది. ఇక మీదట రిజిస్టర్‌లో అంకెలు ఒక్కటే చాలవు, ఏ గంటకు ఏం చేశారో ఇంగ్లీషులో, పూర్తి వాక్యాల్లో రాయాలి. మా మేనేజరు సారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆయనది గోదావరి వైపు, మాట నెమ్మది.

"జరిగిన పనినే రాస్తాం కాబట్టి అంతా పాస్ట్ టెన్స్‌లో రాయాలండి. పరీక్ష పెడతాను. బాగా రాసినవాళ్ల పేరు ఇన్‌చార్జి పోస్టుకి పంపిస్తాను. బయటి నుంచి ఎవర్నీ తీసుకురాను."

ఆ చివరి మాట కోసమే ఆడమనిషినని, నలభై ఎనిమిదేళ్లదాన్నని చూసుకోకుండా శనివారం మధ్యాహ్నాలు సారు చెప్పే క్లాసులో ముందు కుర్చీలో కూర్చున్నాను.

మొదటి వారం ఒక పేజీ రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను. సారు దాన్ని పైకి చదివారు. 'సెండెడ్' దగ్గర ఆగారు. 'కీప్డ్' దగ్గర మళ్లీ ఆగారు. మూడోసారి ఆగే లోపలే వెనకాల నవ్వులు మొదలయ్యాయి. సారు నవ్వలేదు గాని, నవ్వొద్దని కూడా అనలేదు. నా పక్కన కూర్చున్న, లేబుళ్లు అతికించే ఆమె మాత్రం వెనక్కి తిరిగి, "మీరేం రాసిన్రో సూపెట్టున్రి జర, మేము గూడ నవ్వుతం" అంది. నవ్వులు ఆగాయి. వాళ్లెవరూ పేజీ ఇవ్వనే లేదు.

ఆమె నాకంటే పదేళ్లు చిన్న. శంషాబాద్‌లో మా వెనక వీధిలోనే కిరాయికి ఉంటుంది. పొద్దున ఇద్దరం ఒకే షేర్ ఆటోలో వస్తాం. సారు ఇచ్చిన క్రియల కాగితం ఆమె చేతిలో ఉండేది. ఆమె మొదటి మాట చదివితే నేను రెండోది చెప్పాలి.

"గో."

"వెంట్."

"గో కు వెంట్ ఏందక్కా? ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చిన్రు వీళ్లు."

"నన్నడిగితె నాకేం తెలుసు. తర్వాతది సదువు."

"ఈట్."

"ఏట్."

"ఏడు గాదు, ఎనిమిదీ గాదు, ఏట్ అంట. సద్ది గట్టుకొచ్చినవా లేదా గది చెప్పు ముందు."

ఆటోలో ఎదురుగా కూర్చున్నవాళ్లు మమ్మల్ని చూసి ఏదో అనుకునేవారు. అనుకోనీ అనుకున్నాను.

ఆ కాగితంలో నూట ఇరవై నాలుగు క్రియలు ఉన్నాయి. వాటిని వరసగా బట్టీ పట్టడం నా వల్ల కాలేదు. పెట్టెలను పేర్చినట్టు వేరు చేశాను. అసలు మారనివి పదిహేడు: కట్, హిట్, షట్ లాంటివి. చివర ట శబ్దం వచ్చి చేరేవి ముప్పై ఒకటి: కీప్ కెప్ట్, స్లీప్ స్లెప్ట్. లోపలి శబ్దం మారేవి యాభై ఎనిమిది: రైట్ రోట్, బ్రేక్ బ్రోక్. మిగిలిన పద్దెనిమిది ఏ వరసలోనూ ఇమడలేదు. ఆ పద్దెనిమిదిని చూస్తే నాకు ఒళ్లు మండేది. లెక్కకు ఒక ధర్మం ఉంటుంది. ఏడు తొమ్మిదులు శంషాబాద్‌లో అరవై మూడైతే సముద్రం అవతల కూడా అరవై మూడే. ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం మోసం చేయదు. ఈ భాష అలా కాదు. 'బ్రింగ్'కు 'బ్రాట్' అయినప్పుడు 'సింగ్'కు 'సాట్' ఎందుకు కాదని సారును అడిగాను.

"అలా అడగకూడదమ్మా. ఎందుకు అన్నది ఉండదు. అలవాటు చేసుకోవాలి, అంతే."

అలవాటు చేసుకున్నాను. మూడు నెలలు పట్టింది. పరీక్షలో నలభై క్రియలు ఇచ్చారు, ముప్పై తొమ్మిది సరిగ్గా రాశాను. నా తర్వాతి స్థానంలో వచ్చినవాళ్లకు ఇరవై రెండు. సారు నా కాగితం అందరికీ చూపించారు. మొదటి వారం నవ్విన వాళ్లు ఈసారి నేల చూశారు. ఆ రోజు నా కడుపు నిండిపోయిందని ఒప్పుకోవాలి.

పోస్టుకు పేరు పంపే ముందు కొన్నాళ్లు నాతో రిజిస్టర్ రాయించి చూస్తానన్నారు సారు. మరునాడు పొద్దున తొమ్మిదికి నన్ను బల్ల దగ్గరకు పిలిచి, అప్పటిదాకా తను రాస్తూ వచ్చిన పేజీ ఒకటి చూపించి, అలాగే రాయమన్నారు. ఎనిమిది గడులు. తొమ్మిది గంటల నుంచి నాలుగు గంటల దాకా గంటకొకటి. ప్రతి గడిలోనూ ఐదు వాక్యాలు: లోపలికి వెళ్లాం, మీటరు చూశాం, ఐదు డిగ్రీలు కనబడింది, పెట్టెలు సరిగా ఉంచాం, తలుపు మూశాం. వెంట్, సా, ఫౌండ్, కెప్ట్, షట్.

లోపలికి వెళ్లి మీటరు చూసి వచ్చి, తొమ్మిది గంటల గడి నింపి పెన్ను కింద పెట్టాను.

"మిగతావి కూడా రాసేయండమ్మా" అన్నారు సారు.

"ఇంక పది కాలే గద సార్."

"లారీ ఒంటిగంటకు రావచ్చు, మూడింటికి రావచ్చు. లారీతో పాటు పేజీ నకలు వెళ్లాలి. సగం పేజీ చూస్తే కార్గో గేటు దగ్గర ఆపేస్తారు. ఇక్కడ మొదటి నుంచీ ఇదే పద్ధతి. మీకు ప్రాక్టీసు కూడా అవుతుంది కదా."

ఆయన చెప్పింది నిజమే, పద్ధతి మొదటి నుంచీ అదే. పాత ఇన్‌చార్జిలు ముగ్గురూ పొద్దున్నే ఎనిమిది అంకెలు వేసి టీకి వెళ్లేవారు. నేను పదకొండేళ్లు చూశాను. పెట్టెల సంఖ్య తప్ప మిగతాది నా పని కాదనుకుని చూశాను. ఇప్పుడు పెన్ను నా చేతికి వచ్చింది. ఏం చేశాను? రాశాను. సంతోషంగా రాశాను. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

రోజూ పొద్దున తొమ్మిదింపావుకల్లా నా పేజీ పూర్తయ్యేది. ఎక్కడా కొట్టివేత లేదు. ఒక్కొక్క రోజు అదే క్రియ పదే పదే ఎందుకని మార్చి రాసేదాన్ని. ఒక గంటకు మీటరు చూశాం అని, ఇంకో గంటకు అంకె చదివాం అని. ఒక గడిలో ఐదు కనబడితే పక్క గడిలో నాలుగున్నర కనబడేది. అన్ని గడుల్లో ఒకే అంకె ఉంటే చూసేవాళ్లకు బాగుండదని నాకే తోచింది, నాకెవరూ చెప్పలేదు. సారు చూసి, "మీ ఇంగ్లీషు చదువుతుంటే నిజంగా లోపలికి వెళ్లి చూసినట్టే ఉందమ్మా" అన్నారు. దాన్ని మెప్పు అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే చెంప మీద కొట్టినట్టుంటుంది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం రెండు దాటాక లేబుళ్ల ఆమె నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, లేబుల్ అంటుకుంటలేదు."

"కొత్త చుట్ట తీసి చూడు."

"మూడు చుట్టలు మార్చిన. జిగురు మంచిగనే ఉన్నది. పెట్టెలకే చెమట పడుతున్నది. నువ్వొచ్చి చెయ్యి పెట్టి చూడు."

వెళ్లి చేయి పెట్టాను. అట్టపెట్టె మీద నీళ్లు. వేళ్లు తడిశాయి. చల్లటి పెట్టెకు వెచ్చటి గాలి తగిలితేనే అలా అవుతుంది. గదిలో ఎప్పుడూ వినబడే, చల్లబరిచే మెషీను చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. మీటరు దగ్గరకు వెళ్లాను. పదమూడు. ఆ సీసాలు ఎనిమిది దాటకూడదని తలుపు మీదే రాసి ఉంది.

బల్ల దగ్గరకు వచ్చి రిజిస్టర్ తెరిచాను. ఒంటిగంట గడిలో నా చేతిరాతతో నాలుగున్నర. రెండింటి గడిలో ఐదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. లోపలికి వెళ్లాం. మీటరు చూశాం. ఎవరు వెళ్లారు? ఎవరు చూశారు?

రిజిస్టర్‌లో తప్పు పడితే తెల్ల రంగు పూయకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన పొడి అక్షరాలు వేయాలి. పది నుంచి నాలుగు దాకా ఏడు గడుల మీదా ఏడు గీతలు కొట్టాను. కింద ఖాళీలో రాశాను: మెషీను ఆగిపోయింది, ఎప్పుడు ఆగిందో మాకు తెలియదు, రెండు గంటల పది నిమిషాలకు మీటరు చూశాను, పదమూడుకు పెరిగింది. 'పెరిగింది'కి 'రోజ్' అనే మాట వాడాను. మూడు నెలల్లో ఆ మాట అవసరం నాకు మొదటిసారి వచ్చింది.

లారీ అప్పటికే వచ్చి హారను కొడుతోంది. సారు గబగబా వచ్చి పేజీ చూశారు.

"ఏంటమ్మా ఇది, ఇలా కొట్టేశారు?"

"పొద్దున రాసింది సార్ అది. ఇప్పుడు చూస్తె పదమూడున్నది."

"మెకానిక్‌కి ఫోన్ చేశాను. అరగంటలో మళ్లీ ఐదుకి దిగిపోతుంది. లారీని కాసేపు ఆపుదాం. ఈ పేజీ పాడైందని రాసి, పక్క పేజీలో మళ్లీ శుభ్రంగా రాయండి. పాత పద్ధతిలోనే."

"లోపల సీసాలు పదమూడు మీద ఎంతసేపున్నయో తెల్వది గద సార్."

"పదమూడు అన్నది మనిద్దరికే కదమ్మా తెలుసు."

"ముగ్గురికి సార్" అంది లేబుళ్ల ఆమె నా వెనక నుంచి.

సారు ఆమెను చూడలేదు. గొంతు తగ్గించి నాతో అన్నారు. "సోమవారం మీ పేరు పంపిస్తున్నాను. కాగితం టైపు కూడా అయిపోయింది. ఈ ఒక్క పేజీ కోసం మూడు నెలల కష్టం పోగొట్టుకుంటారా? ఆలోచించండి."

ఆలోచించలేదని అబద్ధం ఆడను. పదకొండేళ్లు కళ్ల ముందు తిరిగాయి. పక్క పేజీ తెల్లగా ఉంది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలకు నా సంతకం వస్తుంది. కాని ఆ సంతకం దేని కింద పడుతుంది? పెట్టెలు ఎంచకుండా మూడు వందలు అని చెప్పమంటే చెప్తానా? చచ్చినా చెప్పను. మరి మీటరు చూడకుండా ఐదు అని పంతొమ్మిది రోజులు ఎలా రాశాను? అంకెలు వేయమంటే తప్పని అప్పుడే తోచేదేమో. అంకె చుట్టూ ఇంగ్లీషు చుట్టి ఇచ్చేసరికి, క్రియ సరిగ్గా వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాను, పని జరిగిందా లేదా అన్నది చూసుకోలేదు. నా కోపం సారు మీదికి వెళ్లే దారిలో ముందు నా మీద పడింది. అందుకే అంత వేడిగా ఉంది.

"జరిగిన పనే రాయాలన్నరు సార్ మీరు. మొదటి రోజే చెప్పిన్రు. నేను రాసిన. నేనింక వేరేది రాయ" అన్నాను.

సారు కుర్చీ లాక్కుని తనే రాయడం మొదలుపెట్టారు. పక్క పేజీ పావుగంటలో నిండింది. ఆయన ఇంగ్లీషు నా కంటే ఎంతో బాగుంటుంది. అయితే పేజీ ఒప్పుకున్నంత తేలిగ్గా పెట్టెలు ఒప్పుకోలేదు. లేబుళ్లు అంటించడం, జారిపోవడం. బట్టతో తుడిచి అంటించారు, మళ్లీ జారాయి. సారే వచ్చి ఒకటి అరచేత్తో అదిమి పట్టుకుని నిలబడ్డారు. చేయి తీయగానే అది కింద పడింది.

"నా మీద గుస్సా కావొద్దు సార్. నేనైతె నొక్కిన" అంది ఆమె.

లేబుల్ లేని పెట్టెను కార్గో గేటు లోపలికి రానివ్వరు. విమానం టైము దాటింది. లారీ ఖాళీగా తిరిగి వెళ్లింది.

లారీ వెళ్లాక రిజిస్టర్ పట్టుకుని కోల్డ్ రూమ్ గుమ్మంలో కూర్చుని వెనక్కి తిప్పాను. పంతొమ్మిది పేజీలు. పేజీకి ఎనిమిది గడులు, గడికి ఐదు క్రియలు. ఏడు వందల అరవై. అందులో రోజూ తొమ్మిది గంటల గడి ఒక్కటే నేను నిజంగా చూసి రాసింది, అంటే తొంభై ఐదు. మిగిలిన ఆరు వందల అరవై ఐదు క్రియల్లో వ్యాకరణం తప్పు ఒక్కటి లేదు. పని జరిగింది కూడా ఒక్కటి లేదు. ఆ పంతొమ్మిది రోజుల్లో ఐదు వేల రెండు వందల పద్నాలుగు పెట్టెలు ఆ పేజీలతో పాటు విమానం ఎక్కాయి. ఆ అంకె తప్పు కాదు, పెట్టెలు నేనే ఎంచాను. వాటిలో మందు చెడిపోయిందని నేను అనను. చెడిపోలేదని కూడా అనలేను. అదే నన్ను తినేస్తోంది. లెక్క తెలిసిన మనిషిని, ఒక ప్రశ్నకు జవాబు 'తెలియదు' అని చెప్పాల్సిన స్థితికి నన్ను నేనే తెచ్చుకున్నాను.

మూడో రోజున మందుల కంపెనీ నుంచి ఒక ఆఫీసరమ్మ వస్తున్నారని ఆ సాయంత్రమే తెలిసింది. మధ్యలో ఉన్న రెండు రోజులూ తిండి విరామంలో కూర్చుని ఒక కాగితం రాశాను, ఇంగ్లీషులో. తెలుగులో రాస్తే సారు చదివి తనకు నచ్చినట్టు ఆమెకు చెబుతారని భయం. ఏడు వాక్యాలకు రెండు రోజులు పట్టింది. రిజిస్టర్‌లో రాయడం చేత్తో రాసే పని. ఇందులో ప్రతి మాటనూ ముందు, ఇది జరిగిందా అని అడిగి రాయాల్సి వచ్చింది. ఈ పేజీలు నేను పొద్దున్నే రాశాను. తొమ్మిది గంటలది తప్ప మిగతా గంటల్లో మీటరు నేను చూడలేదు. అంకెలు నేను కల్పించాను. ఆ కింద పంతొమ్మిది తేదీలు, ఒక్కో తేదీ పక్కన పెట్టెల సంఖ్య.

ఆటోలో కాగితం చూపిస్తే లేబుళ్ల ఆమె చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషు వాక్యాల జోలికి పోలేదు, తేదీలు ఎంచింది.

"ఇది ఇస్తె నీ పోస్టు పోతది అక్కా."

"పోతది."

"ఉన్న పని గూడ పోతదేమో."

"ఏమో."

"నాది గిట్ల పోతదా?"

"నీదెందుకు పోతది. నువ్వు అంటుకోని దాన్ని అంటుకున్నదని రాసినవా?"

"నాకు రాయొస్తె గద" అని కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత ఆరాంఘర్ వైపు పోయే బస్సును చూస్తూ, "మంచిదే అయింది రాయరాకుంట" అంది.

ఆఫీసరమ్మ వచ్చి ఆ ఒక్క రోజు గురించే అడిగారు. మెషీను పది నిమిషాలు ఆగిందని, లేబుళ్ల జిగురు నాసిదని సారు చెప్పారు. ఆమె రిజిస్టర్ తెరిచి, గీతలు కొట్టిన పేజీనీ పక్క పేజీనీ మార్చి మార్చి చూసి, గీతలు ఎవరు కొట్టారన్నారు. నేను ముందుకు వచ్చి, గీతలు నావేనని చెప్పి కాగితం ఇచ్చాను. సారు చేయి చాచారు గాని అది అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఆమె నిలబడే చదివారు. రెండోసారి చదివేటప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

"ఇది మీరే రాశారా?"

"నేనే రాసినమ్మా."

"ఇంగ్లీషు ఎవరు నేర్పారు?"

"సారే."

సారు కిటికీ బయటికి చూశారు. ఆమె పంతొమ్మిది పేజీలకూ ఫోన్‌తో ఫోటోలు తీసుకుని, ఫోన్లో ఎవరితోనో తేదీలు ఒక్కొక్కటిగా చదువుతూ బయటికి నడిచారు. ఆ పెట్టెల సంగతి తర్వాత ఏమైందో నాకు చెప్పినవాళ్లు లేరు. రెండుసార్లు అడిగాను. అది మీకు సంబంధించిన విషయం కాదన్నారు. నేను రాసిన పేజీలు, నేను ఎంచిన పెట్టెలు నాకు సంబంధించినవి కావట.

నన్ను తీసేయలేదు. పెట్టెల కింద వేసే చెక్క పలకలు పేర్చే వెనక షెడ్డుకు మార్చారు. ఇన్‌చార్జి పోస్టుకు కాటేదాన్ నుంచి, ఇంకో గోదాములో చేసిన మనిషిని తెచ్చారు. సారు ఇక్కడే ఉన్నారు. ఎదురుపడితే నమస్కారం పెడతారు. ఆయనకు నా మీద కోపం లేదట, జాలి ఉందట. అది ఎవరో చెబితే విన్నాను. జాలి ఆయన దగ్గరే ఉంచుకోమని చెప్పి పంపాను.

కంపెనీ వాళ్లు ఇప్పుడు కోల్డ్ రూమ్‌లో, తనంతట తానే గంట గంటకూ అంకె అచ్చు వేసుకునే మీటరు బిగించారు. వాక్యాల రూలు తీసేశారు. శనివారం క్లాసు కూడా లేదు. ఒక మనిషి గంటకోసారి తలుపు తీసి, మీటరు చూసి, చూసిందే రాస్తే సరిపోయేదానికి మెషీను కొన్నారు. ఆ మనిషి నేనే అయ్యుండాల్సింది. రోజుకు ఎనిమిదిసార్లు, బల్ల నుంచి మీటరు దాకా ఇరవై రెండు అడుగులు. నేను నడవలేదు.